లావు సన్నాల లెక్క

1922 ఆగస్టులో ఇనుగుర్తి అనే పల్లెలో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, ఒద్దిరాజు రాఘవరంగారావు అనే అన్నదమ్ములు ‘తెనుగు’ వారపత్రిక మొదలుపెట్టారు. ఇనుగుర్తి నిన్నమొన్నటి దాకా మహబూబాబాద్ జిల్లా కేసముద్రం మండలంలోని ఊరు, ఇప్పుడు తనే ఒక మండలం. అప్పటికి అది నిజాం రాజ్యంలో వరంగల్ సుబా. కచేరీలో తెలుగుకు చోటు లేదు, బడిలోనూ అంతంతే. అలాంటి రోజుల్లో పట్నం మొహం చూడకుండా, ఊళ్లోనే ప్రెస్సు పెట్టుకుని పత్రిక నడిపారు. అదే నెలలో నల్లగొండలో షబ్నవీసు వెంకట రామనరసింహారావు ‘నీలగిరి’ తెచ్చారు. నాలుగేళ్లకు, 1926లో, సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ పత్రిక’ వచ్చింది.

చరిత్ర రాసేవాళ్లు ఈ పత్రికల ఆశయాలను, సంపాదకీయాలను తలుచుకుంటారు. తలుచుకోవలసిందే. నా మనసు మాత్రం ఇంకో సంగతి మీదికి పోతుంది. ఆ పేజీ మీద ‘క’ ఎలా ఉండాలో, ‘థ’ కడుపు ఎంత తెరుచుకోవాలో, ఒత్తు ఎంత కిందికి దిగాలో ఎవరు తేల్చారు? ఒద్దిరాజు సోదరులైతే కాదు. ప్రెస్సు పెట్టినవాడు అక్షరాన్ని సీసం తూకానికి కొనుక్కుంటాడు. దాన్ని గీసినవాడు, ఉక్కు కొసన చెక్కినవాడు, పోతపోసినవాడు మరెక్కడో ఉంటారు. నూరేళ్లు దాటాయి. కేసముద్రంలో డీటీపీ చేసే కుర్రాడైనా, హైదరాబాదులో పుస్తకం వేసే ప్రచురణకర్త అయినా ఇవాళా ఉన్నదాంట్లోంచి ఏరుకోవడమే.

అందుకే ఈ సమీక్ష. ఇంగ్లిషు పుస్తకానికి గారమాండ్, కాస్లన్, బాస్కర్‌విల్, టైమ్స్ లాంటి నిలకడైన అక్షరాలు ఉన్నాయి. వాటి గుణం తెలుసు, ఎక్కడ వాడాలో తెలుసు. తెలుగులో అలాంటిది ఉందా? ఉంటే ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు?

ముందు వాళ్ల సంగతి చూద్దాం. రోమన్ అక్షరంలో గీత ముగిసే చోట చిన్న అడ్డు ముక్క ఉంటుంది. దాన్నే సెరిఫ్ అంటారు. రోములో ట్రాజన్ స్తంభం పాదాన క్రీ.శ. 113లో చెక్కిన శాసనాన్ని దానికి ఆదర్శంగా చూపిస్తారు. చెక్కే ముందు రాతి మీద చదునైన కుంచెతో రాసేవారని, ఆ కుంచె తిప్పిన తీరులోనే ఈ కొస ముక్కలు పుట్టాయని ఎడ్వర్డ్ కాటిచ్ అనే అమెరికన్ మతగురువు 1968లో ఒక పుస్తకమే రాశాడు. సెరిఫ్ అక్షరానికి కొస ముక్క ఒక్కటే లక్షణం కాదు. గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉండటం రెండో లక్షణం. వెడల్పు పాళీని ఒక కోణంలో పట్టుకుని రాస్తే ఆ లావు సన్నాలు వాటంతటవే పడతాయి. చేతి రాత పోయి సీసం వచ్చినా, సీసం పోయి తెర వచ్చినా, ఆ పాళీ నీడ అక్షరంలో మిగిలిపోయింది.

1932లో లండన్ ‘టైమ్స్’ పత్రిక కోసం స్టాన్లీ మోరిసన్ పర్యవేక్షణలో విక్టర్ లార్డెంట్ గీసిన టైమ్స్ న్యూ రోమన్ ఈ వంశంలో లోకమంతా ఎరిగిన బిడ్డ. అది పుట్టింది పిసినారితనంలో. ఇరుకు కాలమ్‌లో ఎక్కువ మాటలు పట్టాలి, అయినా చదవగలగాలి. ఆ ఇరుకు బుద్ధి దాన్ని ఎక్కడెక్కడికో తీసుకుపోయింది. 2007 దాకా వర్డ్‌లో ఫైలు తెరిస్తే అదే వచ్చేది. మన సుప్రీంకోర్టు 2020లో దాఖలు చేసే కాగితాలన్నీ ఏ4 సైజులో, టైమ్స్ న్యూ రోమన్ 14 పాయింట్లలో, ఒకటిన్నర ఎడంతో ఉండాలని చెప్పింది. అమెరికా విదేశాంగ శాఖ 2023లో దాన్ని వదిలి కాలిబ్రికి మారింది, 2025 డిసెంబరులో మళ్లీ దాని దగ్గరికే వచ్చింది. అక్షరం మీద ఇంత రాజకీయం నడవడం వింతే గాని, అక్షరానికి గౌరవం అంటగట్టడం మనకూ కొత్త కాదు. కోర్టు కాగితం, పెళ్లి పత్రిక ఒకే అక్షరంలో ఉంటే మన వాళ్లూ ముఖం చిట్లిస్తారు.

సెరిఫ్ ఉంటే చదవడం తేలికవుతుందని చాలాకాలం నమ్మారు. కొస ముక్కలు కంటిని వరుస వెంట నడిపిస్తాయన్నారు. పరీక్షలు పెట్టి చూస్తే తేల్చి చెప్పగల తేడా కనిపించలేదు. అలవాటైన అక్షరాన్ని, సరైన సైజులో, సరైన ఎడంతో పెడితే ఏదైనా బాగానే చదువుతాం. సెరిఫ్ బలమంతా అలవాటుది, నాలుగైదు వందల ఏళ్ల పుస్తకానిది. ఈ సంగతి మనకు కావాలి, ఎందుకంటే తెలుగులో ఆ అలవాటు వేరే దారిన వచ్చింది.

తెలుగు అక్షరం మీద తలకట్టు చూసి, ఇదే మన సెరిఫ్ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. సెరిఫ్ తీసేసినా రోమన్ ‘ఎం’ ‘ఎం’గానే ఉంటుంది. ‘క’ మీద తలకట్టు తీసి గుడి పెడితే ‘కి’, ఎత్వమిస్తే ‘కె’, పొల్లు పెడితే ‘క్’. తలకట్టుది అలంకారం ఉద్యోగం కాదు, అచ్చుగుర్తులు కూర్చునే పీట అది. పైగా ఖ, జ, ట, ణ, బ, ల, ఱ లాంటి వాటికి తలకట్టే లేదు. వరుస మొత్తం మీద అది ఒకే తీరున రాదు కనుక, హిందీ శిరోరేఖ లాగా వరుసను కుట్టి పట్టుకోనూ లేదు. తెలుగులో సెరిఫ్‌కు దగ్గరి చుట్టం కావాలంటే గీతల లావు సన్నాల్లో వెతకాలి, కొసల్లో కాదు.

ఆ లావు సన్నాలు మన దగ్గర ఎక్కడినుంచి వచ్చాయి? తాటాకు మీద గంటం నుంచి రాలేదు. గంటం ఆకును గీరుతుంది. గీరిన గీత ఎటు తిరిగినా ఒకే సన్నం, మసి పూస్తేగాని కనపడదు. ఈనె వెంట అడ్డగీత లాగితే ఆకు చీలుతుందని, మన అక్షరాలు గుండ్రబడటానికి అదే కారణమని అంటారు. రాతిలోనూ అంతే. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడి 1163 నాటి శాసనం గాని, ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోనే ఉన్న బయ్యారం చెరువు శాసనం గాని ఉలి దెబ్బతో ఏర్పడ్డ అక్షరాలు. గణపతిదేవుడి చెల్లెలు మైలమ ఆ చెరువు తవ్వించి వేయించిన శాసనంలోనే కాకతీయుల వంశం వెన్న దాకా వెనక్కి పోతుంది. చరిత్రకారులకు అది వంశవృక్షం, అక్షరాల పిచ్చి ఉన్నవాళ్లకు గీతల పాఠం. అక్కడ అక్షరాన్ని నిలబెట్టింది వంపు, వంపుకూ వంపుకూ మధ్య ఖాళీ. మందంలో తేడా దాదాపు లేదు.

కాగితం, కలం, సిరా చేతికి వచ్చాక గీతకు ఒళ్లొచ్చింది. ఆ తర్వాత అచ్చు వచ్చి, ఒళ్లు ఎక్కడ రావాలో తానే శాసించింది. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు జర్మనీలోని హాలే పట్నంలో 1746 ప్రాంతాల బెంజమిన్ షుల్జ్ వేయించినవి. తెలుగు ముఖం ఎరగని ఊళ్లో తెలుగు సీసం పోశారు. తర్వాత బెంగాల్లోని శ్రీరాంపూర్. విలియం కేరీ ప్రెస్సులో పంచానన్ కర్మకార్ మొదలుపెట్టిన అచ్చు చెక్కే విద్యతో చాలా దేశభాషలకు అక్షరాలు తయారయ్యాయి. 1812 మార్చిలో ఆ ప్రెస్సు తగలబడింది. కాగితం, రాతప్రతులు, పోసిన సీసం బూడిదలోనూ కరిగిన ముద్దలోనూ కలిశాయి. అక్షరం చెక్కిన ఉక్కు పంచ్‌లు, పోతపోసే మాట్రిక్స్‌లు మిగిలాయి కనుక మళ్లీ పోసుకోగలిగారు. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో వచ్చింది. 1816లో మద్రాసు కాలేజీ ప్రెస్సులో కాంప్‌బెల్ వ్యాకరణం. 1852లో బ్రౌన్ నిఘంటువు. 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు మద్రాసులో ప్రెస్సు పెట్టారు. కావ్యాలు, పురాణాలు, శతకాలు ఇళ్లలోకి వచ్చింది వావిళ్ల అచ్చులోనే. తెలుగు పాఠకుడి కంటికి ‘పుస్తకపు అక్షరం’ అంటే ఇదీ అని నేర్పింది ఆ మద్రాసు పేజీయే.

ఆ అక్షరం గుణం చెప్పుకుందాం. గీత ఒకే మందంలో ఉండదు. వంపు నిండుగా తిరిగే చోట లావెక్కుతుంది, తలకట్టు మొదలయ్యే చోట, మెలిక ముగిసే చోట సన్నబడుతుంది. అక్షరం కాస్త బొద్దు. కడుపులు తెరిచి ఉంటాయి. ఒక్క పట్టింపు ఏమిటంటే, లావు ఎక్కడ పడాలి అన్నదానికి రోమన్‌లో పాళీ కోణం జవాబు చెబుతుంది, తెలుగులో అందరూ ఒప్పుకున్న పాళీ ఏదీ లేదు. కాబట్టి చెక్కినవాడి చెయ్యే ప్రమాణం. ఒక ఫౌండ్రీ ‘ర’కీ ఇంకో ఫౌండ్రీ ‘ర’కీ లావు పడే చోటు మారిపోవడం అందుకే. దీన్ని లోపం అనను గాని, తెలుగు అక్షరం గీసేవాళ్లకు ఇవాళ్టికీ తెగని చిక్కు ఇదే. తెగలేదు కనుకనే కొందరు రోమన్ సెరిఫ్‌లో లావు ఎక్కడుందో చూసి అక్కడే తెలుగుకూ అద్దుతారు. అప్పుడు అక్షరం తెలుగే గాని నడక పరాయిదిగా కనిపిస్తుంది.

చేతి కంపోజింగు రోజుల కష్టం తెలియకపోతే ఈ అక్షరం విలువ తెలియదు. ఇంగ్లిషు కంపోజిటర్ ముందు రెండు కేసులు, అందులో నూటయాభైకి అటూ ఇటూగా గళ్లు. తెలుగు కంపోజిటర్‌కు గళ్లు వందల్లో కావాలి. గుణింతం ఉన్న అక్షరం ఒక ముక్క, ఒత్తు ఇంకో ముక్క, కొన్ని జంటలకు విడి పోత. అక్షరాలు పేర్చే స్టిక్ ఎడమచేత పట్టుకుని, తలకిందుల అక్షరాలను ఏరుతూ గ్యాలీకి ఎక్కించేవాళ్లు. ఒత్తు అక్షరం కింద కూర్చోవలసింది, సీసం ముక్కకు కింద చోటుండదు కనుక పక్కకు జరిగి కూర్చునేది. పాత పుస్తకాల్లో ‘స్త్ర’ ఒక అక్షరంలా కాక వరుస వెంట జారిపోయినట్టు కనబడటం అందుకే. ముక్క అంచు దాటి బయటికి పొడుచుకొచ్చిన గుడి, కొమ్ము ముందు విరిగేవి. విరిగిన గుడితో ‘ని’ ‘న’ అయిపోతే తప్పు ప్రూఫ్‌రీడర్ మీదికి వచ్చేది. కొత్త ఫౌంటు కొనే తాహతు లేని చిన్న ప్రెస్సు అరిగిన సీసంతోనే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చేది. అరిగేకొద్దీ సన్నం లావవుతుంది, కడుపులు సిరాతో పూడిపోతాయి. ‘థ’లో చుక్క మునిగితే ‘ధ’, ‘ఠ’లో చుక్క మునిగితే ‘ర’.

ఇక్కడే తెలుగు పాఠ్య అక్షరానికి అసలు పరీక్ష ఉంది. రోమన్ వరుసను అడ్డంగా సగానికి మూసి పై సగం చూపించినా చాలావరకు చదవొచ్చు. తెలుగు వరుస మూడంతస్తుల ఇల్లు. పైన గుడులు, ఏత్వాలు, ఓత్వాలు, నడుమ అక్షరం, కింద ఒత్తులు. ఏ అంతస్తు కూల్చినా అర్థం పోతుంది. పైగా నడుమ అంతస్తులో కవలలు ఎక్కువ. ప, వ, ష, స, డ, ద, ధ, థ, మ, య, ఘ, ఝ. వీటిని వేరు చేసేది ఒక చీలిక, ఒక పొట్టి గీత, ఒక చుక్క. లావు సన్నాల అక్షరం బాగా గీస్తే ఈ తేడాలకు ఒళ్లిస్తుంది. చెడగీస్తే సన్నం మాయమై, ‘ప’ నెత్తి మూసుకుని ‘వ’ అయి కూర్చుంటుంది. ఒకే మందం గీత నమ్మకంగా కనిపిస్తుంది గాని, నూట యాభై పేజీలు దాటాక కంటికి ఎక్కడా ఊపిరి తీసుకునే చోటు దొరకదు. పేజీ అంతా సమానమైన బూడిదరంగు పరుచుకుంటుంది. ఇది నా అనుభవం, కొలిచిన లెక్క కాదు. అయినా కథల పుస్తకం చేతికి తీసుకున్నప్పుడు నేను ముందు చూసేది ఇదే.

తొంభైలలో సీసం పోయి కంప్యూటర్ వచ్చింది. పేజ్‌మేకర్, దానికి అను ఫాంట్లు, శ్రీలిపి, సీడాక్ వాళ్ల జిస్ట్. తెలుగునాట డీటీపీ అంటే ఇప్పటికీ చాలా దుకాణాల్లో అనూయే. ప్రియాంక, అనుపమ అనే పేర్లు అక్షరాలవని తెలియనివాళ్లు ఆపరేటర్ చుట్టాలనుకుంటారు. ఇవి పని నిలబెట్టాయి, కాదనను. కేసముద్రం లాంటి ఊళ్లలో కరపత్రం గంటలో చేతికి రావడం వాటి పుణ్యమే. కాని రెండు నష్టాలు చేశాయి. మొదటిది తెలిసిందే. అవి యూనికోడ్ కావు, ఒక్కో కంపెనీ ఒక్కో సంకేతం. అప్పుడు కూర్చిన పుస్తకాల్లో ఇవాళ ఒక మాట వెతకాలంటే కన్వర్టర్ పెట్టి, దాని తప్పులు దిద్దుకోవాలి. రెండో నష్టం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. పేజీల ఖర్చు తగ్గించడానికి అక్షరాన్ని అడ్డంగా ఎనభై శాతానికి, ఒక్కోసారి డెబ్బైకి నొక్కడం ఆపరేటర్లకు అలవాటైంది. నొక్కినప్పుడు నిలువు గీతలు పలచబడతాయి, అడ్డ గీతల మందం అలాగే ఉంటుంది. అంటే గీసినవాడు లావు పెట్టిన చోట సన్నం, సన్నం పెట్టిన చోట లావు. గుండ్రటి తెలుగు కోడిగుడ్డై నిలబడుతుంది. ఒకే మందం అక్షరం ఈ హింస కొంత ఓర్చుకుంటుంది, లావు సన్నాల అక్షరం ఓర్చుకోదు. ఆ ముప్పయ్యేళ్లలో వచ్చిన చాలా నవలలు చదువుతుంటే కళ్లు లాగడానికి కథనం ఒక్కటే కారణం కాదు.

యూనికోడ్ వచ్చాక తెలుగుకు 1991లోనే సంకేతాలు దొరికాయి, అక్షరాలు దొరకడానికి ఇంకో పదేళ్లు పట్టింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది. అక్షరం చిన్నది, వరుసల మధ్య ఎడం చాలా ఎక్కువ, పుస్తకానికి అక్కరకు రానిది, అయినా తెర మీద తెలుగు చూశామన్న సంతోషం దానిదే. అప్పుడే తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన అనే రెండు ఫాంట్లు ఉచితంగా ఇచ్చారు. ఈ జంట నాకు ఇష్టం. పోతనలో లావు సన్నాలున్నాయి, వేమన గీత ఒకే మందం. కవుల స్వభావం చూసి పేరు పెట్టారో లేదో గాని, కుదిరింది. మన చర్చ మొత్తం ఆ రెండు ఫాంట్లలో ఉంది. పద్యానికి, పుస్తకానికి పోతన. నోటీసుకు, తెరకు వేమన. తెలుగు బ్లాగులు రాసిన తొలి తరమంతా ఈ రెంటి మీదే పెరిగింది.

ఆ తర్వాత సిలికానాంధ్ర వారి వరద. పురుషోత్ కుమార్ గుత్తుల గీసిన సురవరం, పెద్దన, సూరన్న, ధూర్జటి, గిడుగు, గురజాడ, మండలి, మల్లన్న, రామభద్ర, ఎన్టీఆర్ ఇప్పుడు గూగుల్ ఫాంట్లలో ఎవరైనా దించుకోవచ్చు. గోలకొండ పత్రిక సంపాదకుడి పేరు మీద ఒక అక్షరం ఉండటం మా వైపు వాళ్లకు గర్వమే. కాని వీటిలో ఎక్కువ భాగం శీర్షికలకు, పోస్టర్లకు, ఆహ్వానాలకు గీసినవి. పెద్ద సైజులో ముచ్చటగా ఉండే మెలికలు పదకొండు పాయింట్ల దగ్గర చిక్కుముళ్లవుతాయి. అలాంటి వాటితో పుస్తకం మొత్తం వేసినవాళ్లను చూశాను. పేరు చూసి పెద్దన ఫాంటులో ప్రబంధం కూర్చబోతే పెద్దన ఒప్పుకోడు.

బయటి ఫౌండ్రీలూ వచ్చాయి. అహ్మదాబాదులో గీసిన అక్షరానికి హింద్ గుంటూరు అని పేరు, ముంబైలో గీసినదానికి బాలూ తమ్ముడు. రెండూ తమ తమ పనికి చక్కగా ఉన్నాయి, రెండూ పుస్తకానికి కావు. మొదటిది ఫోను బొత్తాల మీద, ఫారాల్లో పనిచేసే అక్షరం, రెండోది నవ్వు ముఖం గల శీర్షిక.

కొత్తవాటిలో పాఠ్యానికి నికరంగా నిలబడేవి నా లెక్కన రెండు. ఒకటి నోటో సెరిఫ్ తెలుగు. గూగుల్ పెట్టుబడితో వచ్చింది, ఉచితం, అతి సన్నం నుంచి అతి లావు దాకా తొమ్మిది బరువులున్నాయి. రోమన్ సెరిఫ్ పక్కన పెడితే పొత్తు కుదురుతుంది. ఆ పొత్తు కోసమే గీసినట్టుండటం దాని లోపం కూడా. లావు సన్నాల తేడా కాస్త కటువు, నాసి కాగితం మీద సన్నం తెగుతుంది. రెండోది టిరో తెలుగు. హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ మూర్తి క్లాసికల్ లైబ్రరీ కోసం జాన్ హడ్సన్, ఫియోనా రాస్ చేసిన అక్షరం దానికి మూలం. 2015లో ఆ గ్రంథమాల తొలి సంపుటాల్లోనే అల్లసాని పెద్దన మనుచరిత్ర వచ్చింది. ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ల ఇంగ్లిషు. పక్కపక్కన చూస్తే ఏ పేజీ రెండో పేజీకి లొంగి ఉన్నట్టు అనిపించదు. పద్యం ఊపిరి తీసుకుంటుంది, సంయుక్తాక్షరాలు కింద కుదురుగా కూర్చుంటాయి, కడుపులు తెరిచి ఉంటాయి. మద్రాసు పేజీలో ఉన్న మంచిని గుర్తుపట్టి, సీసం పెట్టిన ఇబ్బందులను తీసేసిన అక్షరం ఇది. దీనికి బోల్డ్ లేదు. వ్యాకరణ పుస్తకమో, పాఠ్యపుస్తకమో, నిఘంటువో వేయాలంటే అక్కడ చెయ్యి ఆగిపోతుంది. ఇటాలిక్ ఉంది. ఇటాలిక్ మనకు అక్కర లేదని నా అభిప్రాయం. తెలుగును పక్కకు వాలిస్తే గుడి తర్వాతి అక్షరం మీదికి, ఒత్తు అంతకుముందరి అక్షరం కిందికి పోతాయి. పుస్తకం పేరు చెప్పడానికి కొటేషన్ గుర్తులు ఎప్పటినుంచో ఉన్నాయి.

దినపత్రికల అక్షరాల సంగతి వేరు. పెద్ద పత్రికలు తమ వాడకానికి తమ ఫాంట్లు చేయించుకున్నాయి. ఇరుకు కాలమ్, పలచని న్యూస్‌ప్రింట్, వేగంగా తిరిగే యంత్రం, పరుచుకునే సిరా. టైమ్స్ పుట్టిన కష్టమే ఇదీ. జవాబులు కొన్ని బాగున్నాయి, కాని పుస్తకాలు వేసేవాళ్ల చేతికి రావు.

కేసముద్రం వీధిలో నడిస్తే ఏది ఎక్కడ ఉండాలో తెలుస్తుంది. కాజీపేట, విజయవాడ లైను మీది స్టేషన్‌లో పసుపు బోర్డు మీద నల్లటి ఊరి పేరు. ఆగని రైల్లోంచి చూసేవాడికి అది ఒక క్షణం పని. అక్కడ సమానమైన మందపు గీతే సరి. 1916లో ఎడ్వర్డ్ జాన్‌స్టన్ లండన్ భూగర్భ రైలుకు సెరిఫ్ లేని అక్షరం గీసింది ఈ కారణానికే. మార్కెట్ యార్డులో మిర్చి, మక్క, పసుపు అమ్ముకున్న రైతు చేతికి వచ్చే తూకం చీటీ, తక్‌పట్టీ, ఇంకో ఉదాహరణ. చుక్కల ప్రింటర్‌లోనో, వేడికి నల్లబడే కాగితం మీదో సన్నం గీత ముందు మాయమవుతుంది. అక్కడ లావు సన్నాల అక్షరం పెట్టడమంటే రైతు పేరులో సగం చెరిపేయడమే. పెళ్లి పత్రికకు బంగారు సిరా స్క్రీన్ ప్రింటింగు. సిరా పరుచుకుని చిన్న కడుపులు పూడతాయి కనుక, మెలికల అక్షరం కావాలనుకుంటే పేర్లకు పెట్టి, ముహూర్తం, ఫంక్షన్ హాలు చిరునామా మామూలు అక్షరంలో వేయాలి. చుట్టాలు దారి తప్పేది అక్కడే. ఫ్లెక్సీ గురించి చెప్పేదేమీ లేదు, దాని మీద అక్షరం చదవడానికి ఎవరూ రారు.

బడి పుస్తకం దగ్గర నా మాట లోకం మాటకు కాస్త ఎదురు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు పుస్తకపు లావు సన్నాల అక్షరం వద్దు. ఆ వయసులో అక్షరం చూసి పెన్సిలుతో దిద్దాలి. పెన్సిలు గీత ఒకే మందం. పుస్తకంలో గీత ఒకచోట లావుగా కనిపిస్తే అక్కడ రెండు గీతలు ఉన్నాయనుకునే పిల్లలున్నారు. వేమన లాంటి గీత వాళ్లకు దారి చూపిస్తుంది. నాలుగో తరగతి దాటాక, రాయడం చేతికి వచ్చి చదవడం పరుగెత్తే వేళకు, పుస్తకపు అక్షరం ఇవ్వాలి. కవలల తేడా అక్షరాన్ని పూర్తిగా చూడకుండానే పట్టుకునే కన్ను అప్పటికి తయారవుతుంది.

ఫోను తెర మీద గొడవ గీత మందంలో లేదు, ఎడంలో ఉంది. చాలా యాప్‌లు వరుసల ఎడాన్ని ఇంగ్లిషు అక్షరానికి సరిపోయేలా పెడతాయి. పై వరుస ఒత్తు, కింది వరుస గుడి ఢీకొంటాయి. కొన్నిచోట్ల తెర ఒత్తులను కోసేస్తుంది కూడా. ఎంత మంచి సెరిఫ్ తెచ్చి పెట్టినా ఈ ఇరుకులో ఊపిరాడదు. ఇంకో చిన్న చికాకు అంకెలు. తెలుగు వాక్యం మధ్యలో టైమ్స్ అంకెలు పెడితే ఊరేగింపులో టై కట్టుకున్న మనిషిలా వేరుగా కనిపిస్తాయి. అక్షరంతో పాటు దాని అంకెలనే వాడటం నయం.

ఇన్ని చూశాక లోటు ఎక్కడుందో కనిపిస్తోంది. శీర్షికల అక్షరాలు డజన్ల కొద్దీ ఉన్నాయి. చిన్న సైజుకు, అంటే అధోజ్ఞాపికకు, నిఘంటువు కాలమ్‌కు, పట్టికకు, ప్రత్యేకంగా కడుపులు తెరిచి గీసిన పాఠ్య అక్షరం ఒకటీ నా కంటపడలేదు. సీసం రోజుల్లో ఎనిమిది పాయింట్ల అక్షరాన్ని పన్నెండు పాయింట్లదాన్ని తగ్గించి చేసేవాళ్లు కాదు, విడిగా చెక్కేవాళ్లు. ఇప్పుడు ఒకే గీతను కుదించి అన్నిటికీ వాడుతున్నాం. ఆ ఖాళీ నింపడం ఒక మనిషి సాయంత్రాల పని కాదు. వందల సంయుక్తాక్షరాలు, మూడు నాలుగు సైజులకు విడి గీతలు, ఒక బోల్డ్, రెండేళ్లో మూడేళ్లో జీతం. విశ్వవిద్యాలయాలో, అకాడమీలో, పత్రికా సంస్థలో పూనుకోవాలి. శీర్షికకు డబ్బిచ్చేవాళ్లు దొరికినంత తేలిగ్గా పాఠ్యానికి దొరకరు, ఎందుకంటే బాగా కుదిరిన పాఠ్య అక్షరాన్ని ఎవరూ గమనించరు.

ఈలోగా పుస్తకం వేయబోయేవాళ్లు చేయగలిగింది ఉంది. వచనానికి టిరో తెలుగు పన్నెండు పాయింట్లు, వరుసకూ వరుసకూ పద్దెనిమిదికి తగ్గకుండా. బోల్డ్ కావలసిన పుస్తకానికి నోటో సెరిఫ్, కాని మామూలు బరువు కన్నా ఒక మెట్టు పైది. అడ్డంగా నొక్కడం మాత్రం వద్దు, పేజీలు పెరిగితే పెరగనివ్వండి. లేజర్ ప్రింటులో బాగుందని ఒప్పేసుకోకుండా, అచ్చు వేయబోయే కాగితం మీదే, ఆ యంత్రం మీదే నాలుగు పేజీలు తీయించాలి. ఆ పేజీల్లో ‘కథ’, ‘పాఠం’, ‘ఝంకారం’, ‘రాష్ట్రం’ ఉండేలా చూసుకోవాలి. ‘థ’లో, ‘ఠ’లో చుక్క విడిగా కనిపించి, ‘ష్ట్ర’ కింది వరుస గుడికి తగలకపోతే మిగతా ఫారాలు వేయించవచ్చు.